వారం రోజుల ఎర్రర్లకే కోర్సు మాన్పిస్తారా?

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడి. కిరాణా కొట్టు. మా గుంటడు ఒడియా మీడియంలో చదివి ఇప్పుడు బీసీఏ రెండో ఏడు. జావాలో విండోలు, బటన్లు వచ్చే ప్రోగ్రాములు మొదలెట్టాడు. వారం నుంచీ ఎర్రర్లే, ఫొటో పంపుతున్నాను. రాత్రుళ్లు వెనకాల నిలబడి చూస్తుంటే నాకే టెన్షన్. ఇంగ్లిష్ రాకేనా? ఇది మాన్పించి, పక్కవాళ్ల అబ్బాయిలా, అప్పు చేసైనా హైదరాబాద్‌లో మూడు నెలల ఏఐ కోర్సులో చేర్చమంటారా? రెంటిలో ఏది మేలు?

జవాబు: వారానికే ఇంత కంగారైతే ఎలాగండీ?

మీరు పంపిన ఫొటోలో ‘ప్యాకేజ్ జావాఎఫ్‌ఎక్స్ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఉంది. అంటే విండోలు, బటన్లు చేసే జావాఎఫ్‌ఎక్స్ అనే సామగ్రి దొరకలేదని. అందులో బాబు తప్పేం లేదు. పాత వెర్షన్ జావా 8 నాటి పాఠం చూసి టైప్ చేసినట్టున్నాడు. అప్పట్లో ఒరాకిల్ కంపెనీ ఇచ్చే జేడీకేలోనే, అంటే జావా ప్రోగ్రాములు రాసే కిట్‌లోనే జావాఎఫ్‌ఎక్స్ ఉండేది. 2018లో వచ్చిన జావా 11 నుంచి దాన్ని తీసేశారు. విడిగా డౌన్‌లోడ్ చేసుకుని, కంపైల్ చేసేటప్పుడు, అంటే రాసిన కోడ్‌ని నడిచే రూపంలోకి మార్చేటప్పుడు, అది ఎక్కడుందో మాడ్యూల్ పాత్‌తో చూపించాలి. ఆ తలనొప్పి వద్దనుకుంటే స్వింగ్‌తో మొదలెట్టమనండి, అదీ విండోలు, బటన్లు చేసేదే, ఇప్పటికీ జేడీకేతోనే వస్తుంది.

ఎర్రర్లు కుప్పగా వస్తే పైనున్న మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయాలి. ఒక్క బ్రాకెట్ మూయకపోయినా కింద బోలెడు పుట్టుకొస్తాయి. ‘కెనాట్ ఫైండ్ సింబల్’ అంటే ఆ పేరు నాకు తెలీదని కంపైలర్ అనడం. స్వింగ్‌లో బటన్ పేరైన జేబటన్‌లో ‘బీ’ చిన్నక్షరం పడినా, దాన్ని ఎక్కడి నుంచి తేవాలో చెప్పే ఇంపోర్ట్ లైను మరిచినా అదే గోల. ఇలా తిరిగి తిరిగి వచ్చే ఇంగ్లిష్ ముక్కలు కొన్నే. పక్కన తెలుగులోనో ఒడియాలోనో అర్థం రాసుకుంటే సరిపోతుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో నెగ్గుకొచ్చినవాడికి ఇదో లెక్కా?

ఇక ఏఐ. ఆ చదువు మీద నాకు అనుమానం లేదు, మూడు నెలల్లో ఇంజనీర్‌ని చేస్తామనే కోర్సుల మీదే ఉంది. ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌ని, అంటే లైబ్రరీని పిలిచి మోడల్ నడిపించడం చూపిస్తారు, లోపలున్న లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ లెక్కల దగ్గరికి పోరు. ఎర్రర్లు అక్కడ తప్పుతాయా? అక్కడ వాడే పైథాన్ భాషలో చాలావరకు ప్రోగ్రాం నడుస్తుండగా బయటపడతాయి, గంటసేపు నడిచాక కూడా. అసలు ఎర్రరే రాకుండా తప్పు జవాబొస్తే మరీ కష్టం. దీనికోసం అప్పు చేసి హాస్టల్లో పడేస్తారా?

కోపం తెచ్చుకోకండి గానీ, మీరలా వెనకాల నిలబడితే వాడు ఎర్రర్ చదువుతాడా, మీ మొహం చదువుతాడా? పక్కవాళ్ల అబ్బాయి హైదరాబాద్ వెళ్లాడన్న బెంగ మీది, వాడి నెత్తిన పెట్టకండి. వాడు బాగానే ఉన్నాడు. డిగ్రీ అయ్యాక కూడా ఏఐ మీద మనసుంటే అప్పుడు చూద్దాం.

ఈలోగా మీ కొట్టుకే బిల్లు వేసే చిన్న విండో చేసిపెట్టమనండి. సరుకు, ధర, ఒక బటన్, అంతే. మొదటి బిల్లులో మొత్తం తప్పొస్తే నవ్వుకోండి, వెనకాల మాత్రం నిలబడకండి.