తొడుగు వస్తోంది, పువ్వు రావడం లేదు: కాట్లియా ఆర్కిడ్‌కు ఏం లోపం?

ప్రశ్న: రెండేళ్ల క్రితం నర్సరీలో కాట్లియా లేబియాటా అనే ఆర్కిడ్ మొక్క కొన్నాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కుండీలో పెట్టాను. వరండాలో ట్యూబ్‌లైటు పక్కన వేలాడదీసి రోజూ నీళ్లు పోస్తున్నాను. డీఏపీ కూడా వేశాను. ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి కానీ పువ్వు లేదు. ఆకు మొదట్లో మొగ్గను కప్పే తొడుగు వచ్చి ఎండిపోతోంది. ఇప్పుడు కొత్త పిలక అడుగున తెల్లటి వేర్లు కనిపిస్తున్నాయి. ఏ మందు వాడాలి? కొబ్బరితోటలో షేడ్‌నెట్ వేసి ఈ మొక్కలు పెంచితే గిట్టుబాటవుతుందా?
– ఒక మహిళా రైతు, కోనసీమ

జవాబు: అమ్మా, మందు అక్కర్లేదు. డీఏపీ ఆపేయండి. పగలు వెలుతురు చాలక, రాత్రి చీకటి చాలక, వేర్లకు గాలి ఆడక మీ మొక్క పూయడం లేదు. తిండికి మాత్రం దానికి లోటు లేదు.

దీని పుట్టిల్లు బ్రెజిల్ ఈశాన్యంలోని పెర్నంబుకో, సియరా ప్రాంతాల కొండ అడవులు. అక్కడ చెట్ల కొమ్మల మీద, బండల మీద పెరుగుతుంది. మామిడికి పట్టే బదనికలా చెట్టు రసం పీల్చదు, కొమ్మను ఆసరాగా మాత్రమే వాడుకుంటుంది. వేరు చుట్టూ ఉండే తెల్లటి స్పాంజి పొర వాన పడగానే నీళ్లు పీల్చుకుంటుంది, తర్వాత గాలికి ఆరుతుంది. ఎర్రమట్టిలో ఆ ఆరడమే ఉండదు. కుండీ తిరగేసి చూడండి, పాత వేర్లు చాలావరకు గోధుమరంగుకు తిరిగి, నొక్కితే మెత్తగా ఉంటాయి.

కొత్త వేర్లు మొదలవుతున్నప్పుడే కుండీ మార్చాలి. అంటే మీకు సరైన సమయం ఇదే. మట్టంతా కడిగేసి, కుళ్లిన వేర్లు కత్తిరించండి. కత్తెరను ముందుగా మంట మీద కాల్చాలి. ఆర్కిడ్ వైరస్‌లు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఎక్కువగా కత్తెర ద్వారానే పాకుతాయి, వాటికి మందు లేదు. పక్కలకు చిల్లులున్న మట్టి కుండీలో బొగ్గు ముక్కలు, పెంకు ముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు నింపండి. డొక్కకు మీ దగ్గర కొదవేముంది! కొబ్బరి పొట్టు మాత్రం వద్దు, నీళ్లు పట్టి ఉంచుతుంది. పాత కాండాలను కుండీ అంచు వైపు, కొత్త పిలకను మధ్యకు ఉంచి, కదలకుండా పుల్లకు కట్టండి. మొక్కను విడదీయాలనిపిస్తే ఒక్కో ముక్కకు కనీసం మూడు నాలుగు కాండాలు ఉండాలి. ఈసారికి విడదీయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఆకు నల్లగా ఉండటాన్ని ఆరోగ్యం అనుకోకండి. వెలుతురు చాలినప్పుడు కాట్లియా ఆకు లేత పసుపు కలిసిన పచ్చగా ఉంటుంది. 50 శాతం షేడ్‌నెట్ కింద గానీ, ఉదయం ఎండ పడే తూర్పు వైపు గానీ పెట్టండి. ఒక్కసారిగా ఎండకు మారిస్తే ఆకు కాలిపోతుంది, రెండు మూడు వారాల్లో మెల్లగా అలవాటు చేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నీడ పెంచి, కింద నేల తడుపుతూ ఉండాలి.

ఇక ట్యూబ్‌లైటు సంగతి. చాలామందికి తట్టని విషయం ఇది. లేబియాటా పగటి పొద్దు తగ్గుతుంటే మొగ్గ కడుతుంది. మన దగ్గర సెప్టెంబరు, నవంబరు నెలల మధ్య పూస్తుంది. రాత్రి దీపం ఉంటే దానికి పొద్దు తగ్గినట్టే తెలియదు. చామంతి రైతులు తోటలో బల్బులు వెలిగించి పూత వెనక్కి నెట్టేది ఈ లక్షణం ఆధారంగానే. ఆగస్టు నుంచి సాయంత్రం దీపం పడని చోట పెట్టండి. ఎండిన తొడుగును చూసి టెన్షన్ పడకండి, పీకేయకండి, ఎండిన తొడుగులోంచి కూడా మొగ్గ వచ్చే అవకాశం ఉంది. కుండీ మార్చిన ఏడాది పూయకపోయినా అది మామూలే.

నీళ్లు ఉదయం పూట, కుండీ లోపల ఆరాకే పోయాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాన నీళ్లు పట్టి వాడండి. కొత్త వేర్లు పట్టు దొరికించుకున్నాక 19:19:19 ఎరువును లీటరుకు 1 గ్రాము చొప్పున పది రోజులకోసారి ఇస్తే చాలు. వానాకాలంలో కాండం అడుగు నల్లబడి మెత్తబడితే ఆ భాగాన్ని ఆరోగ్యంగా ఉన్న చోటు వరకు కోసేసి, కొన్ని రోజులు నీళ్లు ఆపండి. ఆకు అడుగున పొలుసు పురుగు కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి. నత్తలు లేత వేరు మొనలు కొరికేస్తాయి, రాత్రి టార్చి వేసి ఏరేయాలి.

షేడ్‌నెట్ సాగుకు కాట్లియాను నేను సిఫార్సు చేయను. పువ్వు పెద్దదే, అరచేయంత వెడల్పు ఉంటుంది. కానీ ఈ రకం ఏడాదికి ఒక్కసారే, కాండానికి రెండు నుంచి ఐదు పువ్వులే ఇస్తుంది. రేకులు సున్నితం, రవాణాకు ఆగవు. కోత పూల కోసమైతే డెండ్రోబియం అనే మరో ఆర్కిడ్ జాతి రకాలు చూడండి. వేడి, తేమ ఉన్న కోస్తాకు అవే నప్పుతాయి, కోసిన తర్వాత ఎక్కువ రోజులు నిలుస్తాయి. పెట్టుబడి పెట్టేముందు మీ దగ్గర పూలు కొనే వ్యాపారులతో ధర, కావాల్సిన రంగులు మాట్లాడుకుని, కొద్ది మొక్కలతో ఒక వానాకాలం గడిపి చూడండి.