చివరి ముక్క మీద పందెం: ఒడ్డాలా, కాయాలా, వెయ్యాలా?

సందేహం: మేం నలుగురు స్నేహితులం ఆదివారాలు డబ్బు లేకుండా చింతపిక్కలు పెట్టుకుని పోకర్ ఆడతాం. కొత్తగా చేరిన తమ్ముడికి ఆట తెలుగులో రాసిచ్చాను. అందులో 'నదిపై చిన్న నిరోధక పందెమును ఒడ్డుట' అన్న మాట చూసి మా మావయ్య నవ్వారు. ఒడ్డడం తప్పా? పందేలు అనాలా, పందాలు అనాలా? (రాజాం పాఠకుడు)

సమాధానం: మీ మావయ్య నవ్వింది 'నది' చూసి అయ్యుంటుంది. 'నది' అని, వెంటనే 'ఒడ్డు' అంటే ఈ జిల్లాల్లో ఎవరికైనా నాగావళి ఒడ్డే గుర్తొస్తుంది. మీరు నది అని తెలుగు చేసిన ఇంగ్లీషు మాట రివర్, అంటే ఆ ఆటలో బల్ల మీద పరిచే అయిదు ముక్కల్లో ఆఖరిది, అంతే. రివర్ అనే ఉంచండి, లేదా చివరి ముక్క అనండి.

ఒడ్డడం తప్పు కాదు, చాలా మంచి పాత మాట. జూదంలో ధర్మరాజు తమ్ముళ్లను ఒడ్డాడు, తనను ఒడ్డుకున్నాడు, చివరికి ద్రౌపదిని కూడా ఒడ్డాడు. ఇప్పటికీ 'ప్రాణాలొడ్డి' అంటున్నాం కదా, పోతే మళ్లీ రానిదాన్ని ముందుకు చాపడం ఆ క్రియలో ఉంది. మీరు చెప్పే ఎత్తేమో పెద్దది పోకుండా చిన్నదానితో గట్టెక్కడం, దానికి ఈ క్రియ మరీ బరువు.

మరి కాయడం? చిన్నప్పుడు విజయనగరంలో సిరిమానోత్సవం నాడు, జనం పలచబడే చోట ఒకతను గుడ్డ మీద ఆరు బొమ్మలు పరిచి, డబ్బాలో పాచికలు గిలకరిస్తూ 'కాయ్ రాజా కాయ్' అని అరిచేవాడు. నా పక్కనున్న కుర్రాడు చెమట పట్టిన పావలా ఒక బొమ్మ మీద పెట్టి, దాని మీంచి వేలు తియ్యలేక నిలబడిపోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. కాయడమంటే అదీ, డబ్బు పెట్టాక ఇక మన చేతిలో ఏమీ ఉండదు, పాచిక ఏం చెబితే అదే. కోడిపందెం మీద కాసినా అంతే.

పోకర్‌లో అలా కాదు, మీరు పెట్టినదానికి ఎదుటివాడు జవాబు చెప్పాలి. అందుకే మూడు ముక్కలాట ఆడేవాళ్లు 'ఎంతేసినావు?' అని అడుగుతారు. ఇక్కడ 'వేయడం' అన్నిటికన్నా బాగా అతుకుతుంది.

ఇక 'నిరోధక'. మీ ఎత్తునే చూడండి. ఇప్పటిదాకా అందరూ వేసిన కుప్పలో 40 పిక్కలున్నాయి, చేతిలో మధ్యరకం ముక్కలు, ముందు మాట్లాడాల్సింది మీరే. ఊరుకుంటే వెనకవాడు 30 వేసి మిమ్మల్ని టెన్షన్‌లో పెట్టొచ్చు, అందుకని మీరే ముందు 10 వేస్తారు. వాడు మీ ముక్కలు చూడాలంటే 10 వేస్తే చాలు, గెలిస్తే 50 వస్తాయి, అంటే ఆరింట ఒక్కసారి గెలిచినా వాడికి నష్టం లేదు, కాబట్టి మీకంటే తక్కువ రకం ముక్కలున్నా చూద్దామనే అనుకుంటాడు, మీకు ఇంకో 10 పిక్కలొస్తాయి. వాడు గట్టి ముక్కలుండి పెంచితే మాత్రం మీరు చాలాసార్లు ముక్కలు పడేసి తప్పుకోవాల్సిందే. ఇంత పని చేసే ఎత్తుకు మనకు 'అడ్డు' అనే మాట ఉండగా నిరోధకం ఎందుకండీ? ఏరు పొంగకముందే వేసే అడ్డుకట్ట లాంటిదే ఇదీ. 'అడ్డు పందెం' అనండి, తమ్ముడికి విడమరచి చెప్పక్కర్లేదు.

పందేనికి బహువచనం పందేలు, పళ్లెం పళ్లేలు అయినట్టు. పందాలు అని మాట్లాడేవాళ్లు బోలెడుమంది, మాటలో తప్పుపట్టను, రాతలో పందేలు రాయండి.

మీ వాక్యం ఇలా మార్చి చూడండి: 'చివరి ముక్క పడ్డాక, ఎదుటివాడు పెద్దది వేయకుండా, కుప్పలో నాలుగో వంతు అడ్డు పందెం వెయ్యి.' ఈసారి మీ మావయ్య ఏమన్నారో రాయండి.