అయోడిన్ లెక్క కట్టే ముందు

కావలి

అమ్మడూ,

ముత్తుకూరు వైపు రొయ్యల హ్యాచరీకి అయోడిన్ భద్రతా నివేదిక నీ చేతే రాయిస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఛాతీ ఉప్పొంగింది, వెంటనే గుబులూ పట్టుకుంది. నీళ్లలోంచి గాలిలోకి ఎంత లేస్తుందో తేల్చేది నువ్వే కదా.

నమూనాకి గాజు సీసా, గాజు మూత, చీకటి చోటు. రబ్బరు బిరడా అయోడిన్‌ని తాగేస్తుంది, పెట్టకు. గుణకం అంటే, నీళ్లలో ఉన్నది గాలిలో ఉన్నదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె. అది కొలిచే నీళ్లు పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 4 దగ్గర ఉంచు. పీహెచ్ 7లో, లీటరుకు 1 మి.గ్రా. మోతాదులో సగానికి పైగా హైపోఅయోడస్ ఆమ్లమైపోతుంది, అది పెద్దగా పైకి లేవదు.

25 డిగ్రీల దగ్గర ఈ గుణకం, అంటే నీటికీ గాలికీ నిష్పత్తి, సుమారు 80. సరిచూసుకోవడం తేలికే: అయోడిన్ లీటరు నీళ్లలో 330 మి.గ్రా. దాకా కరుగుతుంది, స్ఫటికాల మీది గాలిలో లీటరుకు 4.2 మి.గ్రా. ఆవిరి ఉంటుంది. భాగించి చూడు. సాఫ్ట్‌వేరు తిరగేసి గాలి బై నీరు అడిగితే 0.0125 అని ఇవ్వాలి.

ఇక అసలు సంగతి. ఈ లెక్కల్లో చాలా పాత తప్పు ఒకటుంది, అందరూ పడే గోతే. నీళ్లలో పొటాషియం అయొడైడ్ ఉంటే అయోడిన్ దాంతో జతకట్టి ట్రైఅయొడైడ్ అవుతుంది. దానికి విద్యుదావేశం ఉంది, గాలిలోకి రాదు. థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తే, అంటే దాన్ని చుక్కలుగా వేసి ఎంత పట్టిందో కొలిస్తే, జతకట్టని ఒంటరి అయోడిన్ ఖర్చవుతున్న కొద్దీ జతకట్టింది విడిపోయి వస్తూనే ఉంటుంది, చుక్కలు కొలిచే బ్యూరెట్ గొట్టం మొత్తాన్నీ లెక్కేస్తుంది. ఆ అంకెని గాలి అంకెతో భాగిస్తే గుణకం ఆకాశానికి ఎక్కుతుంది. ఎంత గట్టిగా జతకడతాయో చెప్పే స్థిరాంకం సుమారు 700, దాన్ని అయొడైడ్ గాఢతతో గుణించాలి. అయొడైడ్ 0.1 మోలార్, అయోడిన్ దానికంటే బాగా తక్కువ ఉన్న ద్రావణంలో ఒంటరిదొకటైతే జతకట్టింది 70, అంటే గుణకం దాదాపు 5,700. అది చూసి ‘ఆవిరి భయం లేదు’ అని రాసేస్తారు. హ్యాచరీలో కుర్రాడు అదే ద్రావణాన్ని టబ్బులో వెయ్యింతలు పలచన చేస్తాడు. అయొడైడ్ 0.0001 మోలార్‌కి పడిపోతుంది, జతలు దాదాపు అన్నీ విడిపోతాయి, గుణకం 86. డబ్బాలో జతకట్టి ఆగిపోయింది టబ్బులో ఒంటరిదై పైకి లేస్తుంది. డబ్బాలోని ద్రావణపు గుణకాన్ని టబ్బుకి అంటగట్టావంటే నిన్ను ఊరుకోను! పలచన చేసిన తర్వాతి నీళ్లనే కొలువు, పైనున్న గాలిని తీసి కొలువు. ఒంటరి అయోడిన్ ఎంతో ఆ గాలే చెబుతుంది.

80 పెద్ద అంకె అని కూడా ధీమా పడకు. లీటరుకు 1 మి.గ్రా. చొప్పున 1,000 లీటర్ల టబ్బు, మూసిన 30 ఘనపు మీటర్ల గది అనుకో. అంతా ఒంటరి అయోడినే అనుకుంటే గాలికి చేరేది 27 శాతం, ఘనపు మీటరుకి 9 మి.గ్రా. పైన. పనివాళ్లకి ఏ క్షణమూ దాటకూడని హద్దు 1 మి.గ్రా. సముద్రపు నీళ్ల పీహెచ్ 8 కాబట్టి నిజంగా లేచేది తక్కువే. ఆ తగ్గింపు మాత్రం కొలిచాకే రాయి, ఊహించి కాదు.

ఎండాకాలం నెల్లూరు సంగతి నీకు చెప్పాలా? నీళ్లు 40 డిగ్రీలకి చేరితే గుణకం సగమవుతుంది, నీళ్లలో అంతే అయోడిన్ ఉంటే వాటి మీది గాలిలోది ఇంచుమించు రెట్టింపవుతుంది. నాకు భయమేసేది రాత్రి పూట. టార్పాలిన్ పట్టాలు దించేసి, ఫ్యాన్లు ఆపేసి, టబ్బు పక్కనే మంచమేసుకునే కాపలా పిల్లలున్నారు. గాలి నమూనా వాళ్ల తల ఎత్తులో, తెల్లవారుజామున తీయి. పంపుతో అయొడైడ్ ద్రావణంలోకి బుడగలుగా పంపి 352 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చిందో చదువు. వాసన రాలేదు కదా అనుకోవద్దు, నువ్వు కూడా ముక్కు పెట్టి చూడొద్దు తల్లీ. ఆవిరిని ఆపే మాస్కు వేసుకో.

మొదటి అంకెలు రాగానే పంపు. పక్కనే పీహెచ్, ఉష్ణోగ్రత, అయొడైడ్ ఎంతో రాయి. అవి లేకపోతే తిప్పి పంపుతా.

మీ పెదనాన్న