మూడో స్థానంలో ఉంటే ఆశ పెట్టుకోవచ్చా?

ప్ర: ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగ్‌కు కింది అంచె అయిన ఛాంపియన్‌షిప్ లీగ్‌ను మేం కొందరం మిత్రులం వదలకుండా చూస్తాం. మార్చి వచ్చేసరికి మా జట్టు మూడో స్థానంలో ఉంటే, ప్రీమియర్ లీగ్‌కు వెళ్తుందో లేదో లెక్క కట్టడం ఎలా?
– ఒక పాఠకుడు, గాజువాక

జ: మొదటి రెండు జట్లు నేరుగా పైకి వెళ్తాయి; వాటి తర్వాతి జట్లు మిగిలిన ఒక్క బెర్తు కోసం ప్లేఆఫ్ (నాకౌట్ పోరు) ఆడాలి. ముందు స్థానం చూడటం మానండి. అన్ని జట్లూ ఒకే సంఖ్యలో మ్యాచులు ఆడి ఉండవు. పాయింట్లను ఆడిన మ్యాచులతో భాగించి, వచ్చినదాన్ని 46తో గుణించండి. మీ జట్టుకు 36 మ్యాచుల్లో 68 పాయింట్లు, రెండో జట్టుకు 35 మ్యాచుల్లో 69 అనుకుందాం. పట్టికలో తేడా ఒక్క పాయింటే. కానీ ఇదే ఊపులో సాగితే మీరు 87 దగ్గర, వాళ్లు 91 దగ్గర తేలతారు. అంటే అసలు దూరం నాలుగు పాయింట్లు. మీరు 91కి చేరాలంటే మిగిలిన 10 మ్యాచుల్లో 23 పాయింట్లు (గెలుపుకు 3, డ్రాకు 1) రావాలి: ఏడు గెలుపులు, రెండు డ్రాలు, ఒక్క ఓటమి. మిగిలిన మ్యాచుల జాబితా ముందేసుకుని ఆ ఏడు గెలుపులు ఎవరి మీద వస్తాయో గుర్తు పెట్టుకోండి. పోటీలో ఉన్న జట్లు తమలో తాము తలపడే మ్యాచులను విడిగా రాసుకోండి, అక్కడ ఎవరో ఒకరికి పాయింట్లు పోక తప్పదు.

డ్రాలతో జాగ్రత్త. ఐదు మ్యాచులూ డ్రా చేసుకుంటే వచ్చేవి 5 పాయింట్లు. రెండు గెలిచి మూడు ఓడినా 6 వస్తాయి.

ఎన్ని పాయింట్లు సరిపోతాయన్నది ఏటా మారుతోంది. 2021-22లో బోర్న్‌మత్ 88తోనే రెండో స్థానం దక్కించుకుంది. 2023-24లో లీడ్స్‌కు 90 వచ్చినా మూడో స్థానమే, ఆపై ప్లేఆఫ్ ఫైనల్లో సౌతాంప్టన్ చేతిలో ఓటమి. మరుసటి ఏడాది లీడ్స్, బర్న్‌లీ రెండూ 100 పాయింట్లు తెచ్చుకున్నాయి. గోల్ తేడా (వేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేయగా మిగిలేది) లీడ్స్‌కు 65, బర్న్‌లీకి 53 కావడంతో టైటిల్ లీడ్స్‌ది. కాబట్టి గెలిచే మ్యాచులో మూడో గోల్ కోసం ఆరాటపడటం వృథా కాదు.

ఇక ప్లేఆఫ్. మూడో స్థానం వాళ్లకే మొగ్గు అనుకుంటాం. 2022 నుంచి 2025 వరకు నాలుగు ఫైనల్స్‌లోనూ మూడో జట్టు ఆడింది, గెలిచింది మాత్రం ఒక్కసారే: 2023లో లూటన్, అదీ పెనాల్టీల్లో. 2025లో షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లతో వచ్చి, 76 పాయింట్ల సండర్లండ్‌కు తలవంచింది. 46 మ్యాచుల కష్టం ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టుకుపోవడం అభిమానికి భరించరానిది. అందుకే చివరి పది మ్యాచుల్లో రెండో స్థానాన్నే గురిపెట్టాలి.

ప్ర: వైజాగ్ పేరు మీద ఐ-లీగ్‌లోకి (దేశంలో రెండో అంచె ఫుట్‌బాల్ లీగ్) వచ్చిన శ్రీనిధి డెక్కన్ క్లబ్ రెండుసార్లు రన్నరప్ అయింది కదా, పై అంచె ఐఎస్‌ఎల్‌కు (ఇండియన్ సూపర్ లీగ్) ఎందుకు వెళ్లలేదు?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జ: అప్పట్లో ఉన్నది ఒకే ఒక్క బెర్తు కాబట్టి. 2020లో విశాఖపట్నం పేరుతోనే ఆ క్లబ్‌కు ఐ-లీగ్ ప్రవేశం దక్కింది, సొంత మ్యాచులు మాత్రం హైదరాబాద్ డెక్కన్ ఎరీనాకు వెళ్లాయి. మన ఊరి అభిమానులకు అది ఇప్పటికీ బాధే. ఐ-లీగ్ విజేతకు ఐఎస్‌ఎల్ తలుపు తెరిచింది 2022-23లో. ఆ ఏడాది రౌండ్‌గ్లాస్ పంజాబ్‌కు 52 పాయింట్లు, శ్రీనిధికి 42. ఆ తేడాకు చేసేదేమీ లేదు. 2023-24లో మొహమ్మడన్ స్పోర్టింగ్‌కు 52, శ్రీనిధికి 48. అంటే 24 మ్యాచుల సీజన్‌లో రెండు గెలుపుల దూరం కూడా లేదు. ఇంగ్లండ్‌లో అయితే ఆ రెండో స్థానం నేరుగా పైకి చేర్చేది. ఇక్కడ ఆ సీజన్లలో ఐఎస్‌ఎల్ నుంచి ఎవరూ కిందికి దిగలేదు గనుక పైన ఖాళీ ఏర్పడలేదు. విజేత కూడా క్లబ్ లైసెన్సింగ్ షరతులు దాటాల్సి వచ్చింది. రన్నరప్‌కు, ఐఎస్‌ఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టుకు మధ్య రెండు మ్యాచుల ప్లేఆఫ్ పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం.

ప్ర: ఛాంపియన్‌షిప్ మ్యాచులు మనకు ఎన్ని గంటలకు?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జ: శనివారం అక్కడి మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ చలికాలంలో మనకు రాత్రి 8:30కి మొదలవుతుంది. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారం ముందుకు తిప్పాక 7:30కే. మంగళవారం రాత్రి 7:45 మ్యాచ్ చలికాలంలో మనకు 1:15కి, ఆ తర్వాత 12:15కి. ఎలా చూసినా మన తేదీ మారిపోతుంది కాబట్టి అలారం బుధవారానికి పెట్టుకోండి.