గర్భిణి నడుము వంపు కాన్పును మారుస్తుందా?

బెంగళూరు మారతహళ్లిలో రోజంతా కంప్యూటర్ ముందు పనిచేసే ఏడో నెల గర్భిణి, వంగి కూర్చుంటే బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు తిరిగి సిజేరియన్ తప్పదని అత్తగారు అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. అంత భయం అక్కరలేదు.

బిడ్డ పెరిగేకొద్దీ శరీర భారకేంద్రం ముందుకు జరుగుతుంది కనుక, దానిని తిరిగి తుంటి కీళ్ల మీదికి తెచ్చుకోవడానికి గర్భిణి నడుమును వెనక్కు వంచి నిలబడుతుంది. ఈ వంపు స్త్రీలలో మూడు వెన్నుపూసల మీదుగా, పురుషులలో రెండింటి మీదుగా సాగుతుందని 2007లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అది లోపం కాదు, బరువు మోయడానికి దేహం చేసుకున్న ఏర్పాటు.

బిడ్డ వీపు తల్లి వెన్ను వైపు ఉంటే కాన్పు ఆలస్యం కావచ్చన్న మాట నిజమే. అయితే చివరి వారాలలో రోజూ చేతులు, మోకాళ్ల మీద వంగి ఉండమని చెప్పి, ఆస్ట్రేలియాలో 2,500 మందికి పైగా గర్భిణులతో జరిపి 2004లో వెలువరించిన అధ్యయనంలో, కాన్పు నాటికి బిడ్డ ఉన్న తీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. భంగిమ ప్రయోజనం తెలిసేది నొప్పులు మొదలయ్యాకే: పడుకొని ఉన్నవారి కంటే నిలబడి, నడుస్తూ ఉన్నవారిలో కాన్పు తొలి దశ, అంటే గర్భాశయ ముఖం పూర్తిగా తెరుచుకునే దాకా పట్టే సమయం, సగటున గంటకు పైగా తగ్గింది.

ఇప్పటికి నడుము వెనుక దిండు, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయడం, ఎనిమిదో నెల నుంచి పక్కకు తిరిగి పడుకోవడం చాలు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరెక్కినా వైద్యురాలికి వెంటనే చూపించండి.