డ్రైవ్ ఆన్ చేస్తే టెంపరేచర్ గంతులేస్తోంది

ప్రశ్న: సర్, మాది బెంగళూరు పీణ్యలో చిన్న ప్లాస్టిక్ పైపుల యూనిట్. మెయిన్ మోటారుకి ఈమధ్య 15 హెచ్‌పీ డ్రైవ్ (మోటారు స్పీడు మార్చే పెట్టె) పెట్టించాం. అది ఆన్ చేయగానే బ్యారెల్ (ప్లాస్టిక్ కరిగే గొట్టం) టెంపరేచర్ 180 నుంచి 220కి ఎగురుతుంది, మళ్లీ 165కి పడుతుంది, ఆపితే బుద్ధిగా 180 మీద కూర్చుంటుంది. వేడి కొలిచే థర్మోకపుల్ రెండుసార్లు మార్చాం, కంట్రోలర్ కూడా కొత్తదే. డ్రైవ్ అమ్మినాయన్ని అడిగితే "ఎర్తింగ్ చూస్కోండి" అని ఫోన్ పెట్టేశాడు. కొత్త ఎర్త్ పిట్ తవ్వించమంటారా?

జవాబు: ఆగండి, గునపం కింద పెట్టండి. ఆయన చెప్పింది అబద్ధం కాదు గానీ సగమే చెప్పాడు.

డ్రైవ్ మీ 415 వోల్టుల్ని దాదాపు 585 వోల్టుల డీసీ చేసి, సెకనుకి కొన్ని వేలసార్లు ముక్కలు కోసి మోటారుకి పంపుతుంది. కోసిన ప్రతిసారీ కేబుల్లోంచి కాస్త కరెంటు ఎర్త్‌లోకి జారుతుంది, అది తిరిగి డ్రైవ్‌కే చేరాలి కాబట్టి కేబుల్ ట్రే, మెషిన్ బాడీ, మీ థర్మోకపుల్ వైరు, ఏది దొరికితే అది పట్టుకుని వచ్చేస్తుంది. కె టైప్ థర్మోకపుల్ ఇచ్చేది డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే, మొత్తం కలిపినా ఆరేడు మిల్లీవోల్టులు, పక్కన అంత గోల జరుగుతుంటే పాపం అదేం తట్టుకుంటుంది!

ముందు డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే ఆ ముక్కలు కోసే వేగం, 8 కిలోహెర్ట్జ్ ఉంటే 4కి తగ్గించి చూడండి. మోటారు కీచుమంటుంది, అననివ్వండి. గంతులు తగ్గాయంటే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు ప్యానెల్ తెరవండి, కానీ మెయిన్ ఆపాక డ్రైవ్ మూత మీద రాసినంతసేపు ఆగాకే, కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. మోటారుకి షీల్డ్ కేబుల్ (వైర్ల చుట్టూ లోహపు తొడుగు ఉండేది) వేశారా? వేసినా మనవాళ్లు షీల్డుని పిలకలా మెలేసి మూరెడు దూరంలో స్క్రూకి తగిలిస్తారు, నేను చూసిన ప్యానెళ్లలో సగం ఇదే కథ. ఈ స్పీడు కరెంటుకి ఆ సన్న పిలక తలుపు మూసినట్టే. బ్యాక్ ప్లేట్ మీద పెయింట్ గీకి, షీల్డ్ చుట్టూ అంతా తగిలేలా క్లాంప్ బిగించాలి, మోటారులోకి కేబుల్ దూరే గ్లాండ్ దగ్గరా అంతే. థర్మోకపుల్ వైరు అదే ట్రేలో ఉంటే అడుగు దూరం జరపండి, దాటాల్సొస్తే అడ్డంగా దాటించండి, దాని షీల్డ్ మాత్రం కంట్రోలర్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయండి.

ఇంకా ఎగురుతుంటే థర్మోకపుల్ మొన లోపల బాడీకి తగిలే రకమా కాదా కనుక్కోండి, తగలని రకం పెట్టి చూడండి.