పోటర్ల బంగారం: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన యువమిత్రునికి,

జె.కె. రోలింగ్ నవలల్లోని బాల మాంత్రికుడు హ్యారీ పోటర్ తాతముత్తాతల మీద మీరు రాసి పంపిన కథ అందింది, చదివాను. హ్యారీ నాయనమ్మ యూఫీమియా ఇక తనకు బిడ్డలు కలగరని ఆశ వదులుకున్న రోజులను మీరు రాసిన తీరు బాగుంది. కానీ ఆ పేజీ తిప్పగానే, "పోటర్లు అనాదిగా సంపన్నులు, వారి నేలమాళిగలో బంగారానికి ఏనాడూ లోటు లేదు" అన్న వాక్యం ఎదురైంది. ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. కథను ఏ పత్రికకు పంపాలి, కలంపేరు పెట్టుకోవాలా వద్దా అని మీరు అడిగిన సంగతులు తరువాత చూసుకోవచ్చు.

పోటర్లు అనాదిగా సంపన్నులు కారు. వారి సొత్తు ఎలా పుట్టిందో రచయిత్రి 2015లో ఒక వ్యాసంలో స్పష్టంగా రాశారు. పన్నెండో శతాబ్దంలో, ఇంగ్లండులోని స్టించ్‌కోంబ్‌లో లిన్‌ఫ్రెడ్ అనే మాంత్రికుడు ఉండేవాడు. తోటలో ఏవో వింత మొక్కలు పెంచుకుంటూ కాలక్షేపం చేసే అమాయకుడని ఊరివాళ్లు అనుకునేవారు, జబ్బు చేస్తే మందు కోసం అతని దగ్గరికే వెళ్లేవారు, సరదాగా వాళ్లు పిలిచిన 'పోటరర్' అన్న పేరే కాలక్రమంలో పోటర్ అన్న ఇంటిపేరుగా స్థిరపడింది. తలుపులు మూసుకుని అతను చేసిన ప్రయోగాలే ఆ కుటుంబ సంపదకు పునాది. పోయిన ఎముకలను మళ్లీ మొలిపించే స్కెలె-గ్రో, జలుబు తగ్గించే పెప్పరప్ కషాయం అతని మందుల నుంచే రూపుదిద్దుకున్నాయి. వాటిని తోటి మాంత్రికులకు అమ్మగా వచ్చిన బంగారంతోనే, తన ఏడుగురు పిల్లలకు తలా ఒక రాశి చొప్పున మిగిల్చి కన్నుమూశాడు.

ఇంత కథ చేతిలో ఉండగా దాన్ని "అనాదిగా" అన్న ఒక్క మాటతో తుడిచెయ్యడం నాకు కోపం తెప్పించింది. లిన్‌ఫ్రెడ్ పెద్దకొడుకు హార్డ్విన్, ఇగ్నోటస్ పెవెరెల్ అనే మాంత్రికుడి మనుమరాలు అయోలాంతేను పెళ్లాడాడు, ఆమెతో పాటు, కప్పుకున్నవాళ్లు ఎవరికీ కనిపించని అదృశ్య వస్త్రం ఆ ఇంటికి చేరింది. మీరు ఆ వస్త్రానికి పేజీలకు పేజీలు ఇచ్చారు, మందుకు ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు. ఆ వస్త్రాన్ని ఎవరూ అమ్ముకోలేదు, తరతరాలుగా పెద్దబిడ్డకు గుట్టుగా అందుతూ వచ్చింది. ఇల్లు గడిచింది మందు సీసాల మీద. కథానాయకుడి వెనుక రాజవంశమో గుప్తనిధో ఉంటే తప్ప పాఠకుడు గౌరవించడన్న భ్రమ మన వాళ్లలో ఈ మధ్య బాగా ముదిరింది, మీకు కూడా అది అంటుకుందని భయపడుతున్నాను. ఆ నవలల లోకంలో 1930లలో శుద్ధరక్తపు మాంత్రిక కుటుంబాల జాబితా ఒకటి వెలువడితే అందులో పోటర్లకు చోటు దక్కలేదు. ఇంటిపేరు మంత్రశక్తి లేని మామూలు జనంలోనూ ఉన్నదే కావడం, రక్తంలో కల్తీ ఉందన్న అనుమానం అందుకు కారణాలు. మీరు వారిని బలవంతంగా ప్రభువులను చేస్తున్నారు.

ఈ విషయంలో నాకు పాత గాయం ఒకటి ఉంది. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, తలనొప్పి తైలం కాచి అమ్ముకునే కుటుంబం మీద ఒక నవలిక రాశాను. కట్టెల ఖర్చెంత, సీసాలు ఎవరు తెచ్చిచ్చేవారు, సంతలో అరువు పెట్టినవాడు డబ్బు ఎగ్గొడితే ఆ ఇంట్లో ఏం జరిగేది అన్నవన్నీ తెలిసినవాళ్లను అడిగి రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ భాగాలన్నీ కొట్టేసి, "ఆ ఇల్లు తరతరాలుగా కలిగినవారిది" అని తన సొంత వాక్యం చేర్చి అచ్చేశాడు. పాఠకులకు పద్దు పుస్తకాలు అక్కరలేదని నాకు హితబోధ కూడా చేశాడు. ఆయన అన్నది అబద్ధమని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టకపోయి ఉంటే, 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి ఏ డబ్బుతో వచ్చేవి? మన సాహిత్యంలో ఎంత భాగం ఆ చిన్న సీసా పెట్టిన భిక్షో తెలిసినవాడు, మందు అమ్మి గడించిన సొత్తును చెప్పుకోవడానికి సిగ్గుపడడు.

ఇక మీరు అసలు రాయనే రాయని ఫ్లీమాంట్ దగ్గరికి వస్తాను. హ్యారీకి తాత, జేమ్స్‌కు తండ్రి అయిన ఇతను స్లీకీజీ అనే కేశౌషధాన్ని కనిపెట్టి ఇంటి బంగారాన్ని నాలుగింతలు చేశాడు, పని విరమించుకునేటప్పుడు ఆ సంస్థను గొప్ప లాభానికి అమ్మేశాడు. ఎంత మొండి జుట్టునైనా అణచగల మందు చేసిన ఆ మనిషికి పుట్టిన కొడుకు జుట్టూ, ఆ కొడుక్కి పుట్టిన హ్యారీ జుట్టూ ఎన్నడూ చెప్పినట్టు వినలేదు. ఇంతటి కథావస్తువు మీ కళ్లెదుట ఉండగా మీరు నేలమాళిగ తవ్వుకుంటూ కూర్చున్నారు.

రచయిత్రి పనితనం ఇక్కడే గమనించండి. 1998లో వచ్చిన రెండో నవలలో హ్యారీ చేతి ఎముకలు మాయమైతే, స్కెలె-గ్రో తాగి రాత్రంతా మంచం మీద బాధ భరించాడు. పెప్పరప్ తాగిన పిల్లల చెవుల్లోంచి పొగలు వచ్చింది కూడా ఆ పుస్తకంలోనే. 2000లో వచ్చిన నాలుగో నవలలో హ్యారీ స్నేహితురాలు హెర్మయొనీ నృత్యోత్సవానికి జుట్టు చక్కబెట్టుకున్నది స్లీకీజీతోనే. మాంత్రికుల బ్యాంకు గ్రింగాట్స్‌లో హ్యారీ ఖజానాలో గుట్టలుగా ఉన్న ఆ బంగారం ఎక్కడిదని అడిగిన పాఠకులకు, రచయిత్రి ఏ నిధినీ కొత్తగా కల్పించలేదు. అంతకుముందే తన పాత్రలు తాగిన మందునీ, తలకు రాసుకున్న మందునీ ఎత్తి చూపారు. తన పూర్వీకుడి మందు తనే తాగుతున్నానని మంచం మీది ఆ కుర్రాడికి తెలియదు, ఆనాడు పాఠకుడికీ తెలియదు. ఏళ్ల తరువాత తెలిసినప్పుడు ఆ పాత సన్నివేశాలన్నిటికీ కొత్త బరువు వచ్చింది.

ధరలు చెప్పడానికి కూడా ఆమె వెనుకాడలేదు. మాంత్రికుల నాణేల్లో 29 నట్లు ఒక సికెల్, 17 సికెళ్లు ఒక గాలియన్. ఔషధాల అంగట్లో నల్ల పురుగుల కళ్లు గరిటెడు 5 నట్లు. బడికి వెళ్లే రైల్లో అనాథ అయిన హ్యారీ 11 సికెళ్లు, 7 నట్లు పోసి చిరుతిళ్లు కొని, పక్కన కూర్చున్న పేద పిల్లవాడికి పెట్టాడు. పంచుకోవడానికి తన దగ్గర ఏదైనా ఉండడం, పంచుకోవడానికి ఒక తోడు దొరకడం అతనికి అదే మొదటిసారి. ఆ చిల్లర వెనుక లిన్‌ఫ్రెడ్ తోట ఉంది, ఫ్లీమాంట్ సీసా ఉంది. మీ కథలో ఒక్క వస్తువుకైనా ధర లేదు, ఒక్క కొనుగోలుదారైనా కనిపించడు.

నేలమాళిగ ప్రకరణం మొత్తం తీసేయండి. ఫ్లీమాంట్ తన సంస్థను అమ్మిన రోజుతో కథ మొదలుపెట్టండి. కొన్నవాడు ఏమేమి అడిగాడు, మందు పాళ్లు రాసుకున్న కాగితం ఫ్లీమాంట్ ఎవరి చేతిలో పెట్టాడు, ఆ సాయంత్రం ఇంటికి వచ్చి యూఫీమియాకు ఏం చెప్పాడు, అప్పటికి జేమ్స్ పుట్టాడా లేదా అన్నవి మీరు తేల్చుకుని రాయాలి. రాశాక నాకు పంపండి, తప్పక చదువుతాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి